సొర కరవని మనిషి

కళ్లద్దాల దుకాణం ఆయనకు పొద్దున్నే సముద్రంలో కాసేపు ఈదందే ఒళ్లు కుదుటపడేది కాదు. ఊరి చివర పాత జెట్టీ ఒకటి ఉంది. పడవలు అక్కడ ఆగడం మానేసి చాలా కాలమైంది. జెట్టీ పక్కగా నీళ్లలోకి దిగే ఇనుప నిచ్చెన సగం తుప్పుపట్టి, సగం పదునైన చిప్పలు పట్టి ఉండేది. దాని మీదుగా దిగి, దూరంగా తేలే ఎర్ర పీపా దాకా ఈది, వెనక్కొచ్చి, తల తుడుచుకుని అటునుంచటే దుకాణం తెరిచేవాడు. ఆయన వెంట మూడో తరగతి చదివే కూతురు కూడా వచ్చేది. నడక కన్నా ఈతే ముందొచ్చిందని ఇంట్లో అందరూ దాన్ని చేపపిల్ల అనే పిలిచేవారు.

ఆ రోజు చేపపిల్లకు జలుబు. దాని బదులు బావమరిది వెంట వచ్చాడు. అక్కాబావల ఇంట్లోనే ఉంటూ ఒక టీవీ చానల్లో కెమెరా పని చేస్తున్నాడు. ఇంకా పర్మనెంటు కాలేదు. సూర్యోదయం బొమ్మలు కావాలని ఆఫీసులో అడిగారట, ఫోన్ను జెట్టీ కమ్మీకి ఆనించి పెట్టి, తాను పక్కన కూర్చుని ఆవులిస్తున్నాడు.

ఆ వారమంతా వాళ్ల చానల్లో ఒకటే రెక్క, సొరచేపదట. ఎవరో షికారు పడవలోంచి తీశారు. దూరంగా నీళ్ల మీద నల్లటి ముక్కోణం కాసేపు కనిపించి మునిగిపోతుంది. అంతే. దాన్నే ముందుకీ వెనక్కీ తిప్పి, పెద్దది చేసి, చుట్టూ ఎర్ర గీత గీసి, ఢమఢమమనే సంగీతంతో పొద్దస్తమానం చూపించారు. అందుకే జెట్టీ మీద నడకకు వచ్చేవాళ్లు కూడా నడక తక్కువ, నీళ్లలోకి తొంగిచూడడం ఎక్కువగా ఉన్నారు.

ఈత ముగించి నిచ్చెన ఎక్కుతుంటే ఆయన కాలి కింద మెట్టు పుటుక్కున విరిగింది. కాలు జారి, విరిగిన ఇనుము అంచు పిక్కను పైనుంచి కిందిదాకా చీరేసింది. "అబ్బా!" అన్నాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. పైనుంచి ఎవరో చూసి "సొర! సొర!" అని గొంతు చించుకున్నారు. చూస్తుండగానే జెట్టీ ఖాళీ అయింది. ఒకాయన చెప్పులు కూడా వదిలేసి పారిపోయాడు. బావమరిది మాత్రం పారిపోలేదు. బోర్లా పడుకుని చెయ్యందించి, బావను పైకి లాగి, తువ్వాలు చింపి కట్టు కట్టాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల, కొత్తగా వచ్చినట్టుంది.

"దేనికి గీసుకుంది?"

"ఇనుప నిచ్చెనకండీ. మెట్టు విరిగింది."

"తెలుస్తూనే ఉంది, తుప్పు కూడా లోపల ఉంది," అని శుభ్రం చేసి, కుట్లు వేసి, ఇంజెక్షన్ ఇచ్చి పంపింది. విషయం అంతటితో అయిపోయిందనే అనుకున్నాడు.

సాయంత్రం మంచం మీద కాలు చాపుకుని ఉండగా ముందుగదిలోంచి అత్తగారి కేక వినిపించింది. "అల్లుడు గారూ! మీరేనండీ! టీవీలో మీరే!" అంటూ ఆవిడ అప్పటికే ఏడుపు అందుకుంది. కుంటుకుంటూ వెళ్లి చూశాడు. బంగారు రంగు సూర్యోదయం. దాని ముందు ఎర్రబడ్డ నీళ్లు. "సొర! సొర!" అన్న అరుపు. పైకి లాగబడుతున్న తాను. ఆ తర్వాత కంప్యూటర్‌లో చేసిన పేద్ద సొరచేప ఒకటి నోరు తెరుచుకుని వచ్చి, బొమ్మ మనిషి కాలు పట్టుకుంది. మళ్లీ సూర్యోదయం. మళ్లీ అరుపు.

"ఏంట్రా ఇది?" అని బావమరిదిని అడిగాడు.

బావమరిది తల దించుకున్నాడు. "సూర్యోదయం కోసమే పెట్టాను బావా. అందులో నువ్వు పడ్డావు. వీడియో తీసింది తీసినట్టే ఆఫీసుకు పోయింది. నిచ్చెన అని చెప్పాను. రాసుకున్నారు కూడా."

"రాసుకుని?"

"అరుపు బాగా వచ్చిందన్నారు."

మర్నాడు ఆయనే స్టూడియోకు బయల్దేరాడు. భార్య వద్దంది. ఆమె బస్సు డిపోలో టికెట్ల కిటికీ దగ్గర పనిచేస్తుంది, రోజుకు కొన్ని వందల మందితో మాట్లాడే మనిషి. "వాళ్లతో మనం ఎక్కడ పడగలమండీ? రెండు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారు," అంది. ఆయన వినలేదు. ఉన్నమాట చెప్పడానికి పెద్ద తెలివితేటలేం కావాలని ఆయన ఉద్దేశం.

స్టూడియోలో మొహానికి పౌడరు రాశారు. వార్తలు చదివే అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. ముందుగా ఆయన చెప్పినదంతా ఓపిగ్గా విని, "మీరు ఇదే చెప్పండి సార్, అచ్చం ఇలాగే," అంది. ఆయనకు ధైర్యం వచ్చింది. ఎర్ర దీపం వెలిగింది.

"మృత్యువు నోట్లోంచి బయటపడ్డ క్షణం ఎలా ఉంది సార్?"

"అదేం లేదండీ. నిచ్చెన ఎక్కుతుంటే మెట్టు..."

"అంటే ఆ నిచ్చెనే మిమ్మల్ని కాపాడింది!"

"కాపాడడం కాదమ్మా, గీసుకుంది. ఆ నిచ్చెనే..."

"అంత నొప్పిలోనూ నిచ్చెన వదల్లేదంటే, మీ గుండె ధైర్యానికి జోహార్లు సార్."

ఫోన్లో మనస్తత్వ నిపుణుడొకాయన కలిశాడు. మనసు భరించలేని దృశ్యాన్ని కప్పేసి, దాని స్థానంలో మామూలు వస్తువును పెట్టుకుంటుందని, బాధితుడు నిచ్చెన నిచ్చెన అనడం అందుకేనని, ఆయన్ని ఇప్పుడు వాదించి బలవంతపెట్టకూడదని వివరించాడు. ఆ తర్వాత డాక్టరమ్మ కనిపించింది. ఆమెను ఎవరో ఆస్పత్రి గుమ్మంలో పట్టుకుని, ఏ జంతువూ కరవలేదని నూటికి నూరుపాళ్లు చెప్పగలరా అని అడిగినట్టున్నారు. "నూటికి నూరుపాళ్లు అని ఎలా చెప్తామండీ," అన్న ముక్క వరకే వేశారు.

ఆయన కుర్చీలో కూర్చుని నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. ఇంటికొచ్చాక టీవీలో చూసుకుంటే, కళ్లలో నీళ్లు తిరుగుతున్నట్టుగా ఉంది. పౌడరు పడక వచ్చిన నీళ్లవి.

దుకాణానికి గిరాకీ పెరిగింది. కళ్లద్దాల కోసం కాదు. పాంటు పైకి మడిచి చూపించమని అడిగేవాళ్లు, పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్లు. ఒక ముసలావిడను గోడ మీది అక్షరాల ముందు కూర్చోబెట్టి, కళ్లకు అద్దాలు మార్చి మార్చి పెడుతున్నాడు.

"మూడో వరుస చదవండమ్మా."

"ఏ వరుసా అలికినట్టే ఉంది గానీ, కాలు ఒక్కసారి చూపించు నాయనా."

చూపించాడు. ఆవిడ కిందికి వంగి, "అమ్మో, పళ్లు! ఎంతలేసి గాట్లో!" అంది.

"అవి కుట్లమ్మా."

"నాకు కనిపిస్తున్నాయిగా నాయనా," అని ఆవిడ జాలిగా ఆయన చెయ్యి నిమిరింది.

మొదట్లో కోపం వచ్చేది. గట్టిగా కాదనేవాడు. కాదన్న కొద్దీ జనానికి ఆయన మీద గౌరవం పెరిగింది. ఎంత పెద్ద గండం గడిచినా గొప్పలు చెప్పుకోని మనిషి అన్నారు. మెల్లగా కాదనడం తగ్గించి, పని మీదికి వంగేవాడు. అలా వంగితే, పాపం ఇంకా తేరుకోలేదు అనేవాళ్లు.

కనీసం విరిగిన నిచ్చెనైనా ఫోటో తీసి ఉంచుకుందామని ఒక రోజు జెట్టీకి వెళ్లాడు. అక్కడ తళతళలాడే కొత్త నిచ్చెన బిగించి ఉంది. పక్కనే పళ్లు బయటపెట్టిన సొరచేప బొమ్మతో పెద్ద బోర్డు, ఈత నిషేధమని. కాపలాదారును పాత నిచ్చెన ఏమైందని అడిగాడు.

"తుక్కులో వేసేశారండీ. మీ పుణ్యమాని ఇన్నాళ్లకు కొత్తది వచ్చింది. విరిగిపోయిందని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఎవరూ పట్టించుకోలేదు, సొర వచ్చిందనేసరికి ఆగమేఘాల మీద వచ్చారు."

"విరిగిందని నువ్వే అంటున్నావుగా. ఆ ముక్క టీవీ వాళ్లకు చెప్పొచ్చుగా?"

"చెప్పాను సార్. సొర కొరికితే విరిగిందా అని అడిగారు. నాకు తెలీదన్నాను. అంతే వేశారు."

ఇంట్లో మాత్రం ఆయన అసలు దిగులు వేరే. చేపపిల్ల నీళ్లంటే వణికిపోతోంది. అత్తగారికి టీవీ కట్టేస్తే ఊపిరాడదు. అది వాగుతూనే ఉంటుంది, పిల్ల తలుపు సందులోంచి చూస్తూనే ఉంటుంది. స్నానాల తొట్టిలో దిగమంటే గోడకు కరుచుకుపోయేది. సొర గొట్టంలోంచి వస్తుందట. ముందు చిన్నది వచ్చి, తొట్టిలో పెద్దదవుతుందట. వాళ్లమ్మ గుమ్మం దగ్గరే నిలబెట్టి చెంబుతో గబగబా నాలుగు చెంబులు పోసి తీసుకొచ్చేది. ఆ నాలుగు చెంబులకే పక్కింటికి వినిపించేలా ఏడ్చేది. తల దువ్వుతుంటే సరిగా కడగని సబ్బు వాసన వచ్చేది.

"నాన్నను ఏదీ కరవలేదురా తల్లీ. ఇనుప మెట్టు గీసుకుంది, అంతే."

"నీకు గుర్తులేదు నాన్నా. టీవీలో చెప్పారు, నీకు గుర్తుండదని." అది ఆయన తల మీద చెయ్యి వేసి, పెద్దవాళ్లు చిన్నపిల్లల్ని ఊరుకోబెట్టినట్టు నిమిరింది.

భార్యతో ఆ మాట చెప్పుకుని బాధపడితే ఆమె నెమ్మదిగా, "మీరు కింద చూశారా అసలు? నీళ్లలో, వెనకనుంచి... నొప్పి తర్వాతే కదా తెలిసింది," అంది.

"నా కాలు సంగతి నాకు తెలీదంటావా?"

"తెలీదని కాదండీ. కిటికీ దగ్గర రోజూ ఇంతమంది అడుగుతుంటే, నిచ్చెన అని చెప్పీ చెప్పీ, నాకే అబద్ధం చెబుతున్నట్టు ఉంటోంది."

ఆమె మీద కోపం తెచ్చుకోలేకపోయాడు. ఎందుకంటే ఆ మధ్యాహ్నమే దుకాణంలో కునుకు పట్టి, కలలో పిక్కకు చల్లగా, నున్నగా ఏదో రాసుకుంటూ పోయింది. ఉలిక్కిపడి లేచి, అద్దాలు అరగదీసే మిషను మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆ కాసేపూ గీసుకుంది నిచ్చెనో, ఇంకేదో అన్నది ఆయనకే తెలియలేదు. మనసు స్థిమితపడ్డాక నిచ్చెనే అనుకున్నాడు. కానీ అనుకోవలసి వచ్చింది.

వేట మొదలైంది. సముద్రపు ఒడ్డున హోటళ్లు ఖాళీ పడ్డాయని, జనం భయపడుతున్నారని, సొరను పట్టితీరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పడవలు ఎరలు వేసుకుని వెళ్లాయి. కొన్నాళ్లకు ఒకదాన్ని పట్టి ఒడ్డుకు ఈడ్చుకొచ్చారు. ఆయన్ని తీసుకురావడానికి కారు పంపారు. రానంటే వేట చూస్తున్న అధికారి ఫోన్లో బతిమాలాడు. "ఒక్కసారి వచ్చి వెళ్లండి సార్. ఇది ముగిసిపోతుంది." ముగిసిపోతుంది అన్న మాట పట్టుకుని బయల్దేరాడు.

రేవులో ఇసకేస్తే రాలని జనం. సిమెంటు గచ్చు మీద సొర పడి ఉంది. మనిషికి రెండింతల పొడవు, బూడిద రంగు వీపు, తెల్లటి కడుపు. మొప్పల చీలికలు మెల్లగా కదిలి, ఆయన చూస్తుండగానే ఆగిపోయాయి. ఇంత దగ్గరగా సొరను చూడడం ఆయనకు అదే మొదలు. కన్ను చిన్నగా, చొక్కాకు కుట్టే ముత్యపు గుండీలా ఉంది. అందులో పగా లేదు, ఏమీ లేదు. బావమరిది కెమెరా భుజాన వేసుకుని జనం ముందు వరుసలో ఉన్నాడు. బావ వంక చూసి కళ్లు తిప్పుకున్నాడు.

అధికారి మైకులకు వినపడేలా అడిగాడు. "గుర్తుపట్టారా సార్? ఇదేనా?"

"నన్ను ఏదీ కరవలేదండీ."

అధికారి చిరునవ్వు చెదరకుండానే గొంతు తగ్గించాడు. "మీరు చెప్పిందే నిజమనుకుందాం. పట్టేశాం అంటే ఊరంతా హాయిగా నిద్రపోతుంది. మీ సొమ్మేం పోయింది?"

ఈలోగా సొర కడుపు కోశారు. మనిషి బట్టలో, ఎముకలో దొరుకుతాయని అందరూ మెడలు సాచారు. రెండు పీతలు, సగం అరిగిన చేపలు. జనంలోంచి నిరాశగా ఒక నిట్టూర్పు. కత్తి ఇంకాస్త కిందికి దిగింది. అప్పుడు జారిపడ్డాయి పిల్లలు. అరచేతికి కొంచెం మించి ఉన్నాయి, తల్లి నకలే. రక్తంలో, నీళ్లలో ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటున్నాయి. ముందు వరుస కెవ్వుమని వెనక్కి తగ్గింది. ఎవరో "తొక్కెయ్యండి, తొక్కెయ్యండి!" అని అరిచారు. ఒక బూటు ఆ పని మొదలుపెట్టింది కూడా.

తానేం చేస్తున్నాడో ఆలోచించుకోలేదు. వంగి, అందిన పిల్లను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అది గరుకుగా, చల్లగా, బలంగా మెలికలు తిరుగుతోంది. బతికుంది. నీళ్లు దగ్గర్లోనే ఉన్నాయి, గచ్చు అంచు అవతలే. కుంటికాలుతోనే పరుగెత్తాడు. "సముద్రంలో వదులుతున్నాడు! మళ్లీ దాన్ని సముద్రంలో వదులుతున్నాడు!" అని వెనక గోల. కానిస్టేబుల్ వచ్చి భుజం పట్టుకున్నాడు. "వదలండి బాబూ, ఒక్క నిమిషం, నీళ్లలో వేస్తాను, చచ్చిపోతుంది," అని ఆయన పెనుగులాడాడు. కానిస్టేబుల్ కూడా భయంతో వణుకుతున్నాడు పాపం, పట్టు విడవలేదు. ఆ పెనుగులాటలో చేతుల్లోంచి జారి పిల్ల గచ్చుకు కొట్టుకుంది. నోరు రెండుసార్లు తెరిచింది. అంతే. ఆయన దాని పక్కనే కూలబడి, అరచేతుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు.

సాయంత్రానికి టీవీలో ఆ దృశ్యం వచ్చింది. అందులో ఆయన నీళ్ల వైపు పరుగు లేదు, కానిస్టేబుల్ లేడు. చేతుల్లో సొరపిల్ల, వంకరపోయిన ఆయన మొహం, గచ్చుకు కొట్టుకున్న పిల్ల. దాన్నే నిదానంగా మళ్లీ మళ్లీ తిప్పారు. కింద పెద్ద అక్షరాలు: పగ తీర్చుకున్న బాధితుడు. మరో పక్కన: కడుపులోనే ఇన్ని ఉంటే, సముద్రంలో ఇంకెన్ని? వేట ఆగదని అధికారి ప్రకటించాడు.

"మంచి పని చేశారు అల్లుడు గారూ. నా కడుపు చల్లబడింది," అని అత్తగారు కళ్లొత్తుకుంది. పోట్లాడే ఓపిక ఆయనలో లేదు.

బావమరిది వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నేను మొత్తం తీశాను బావా. నువ్వు నీళ్ల వైపు పరుగెత్తడం, బతిమాలడం, అంతా ఉంది. వీడియో కత్తిరించేది నేను కాదు. వద్దని చెప్పాను. ఒట్టు."

"నువ్వు చూశావు కదా?"

"కళ్లారా చూశాను. నువ్వు దాన్ని బతికించబోయావు."

"అయితే చెప్పరా మరి."

"ఎవరికి చెప్పను బావా?" అన్నాడు. నేల చూస్తూ, "నన్ను పర్మనెంటు చేశారు," అన్నాడు. అక్క వచ్చి లోపలికి రమ్మన్నా రాకుండా వెళ్లిపోయాడు.

చేతులు ఎంత కడుక్కున్నా నీచు వాసన పోలేదు. ఆయన స్నానాలగదిలో తొట్టి నింపుకుని చేతులు ముంచి కూర్చున్నాడు. వెనక అడుగుల చప్పుడైంది. చేపపిల్ల తువ్వాలు భుజాన వేసుకుని వచ్చింది. ఇన్నాళ్లూ ఆ గుమ్మం దాటని పిల్ల వచ్చి, తొట్టి అంచు పట్టుకుని నీళ్లలోకి చూసింది.

"నాన్నా, దాని పిల్లని నువ్వే చంపేశావు కదా?"

ఆయన తలెత్తాడు.

"అమ్మమ్మ చూపించింది. నేలకేసి కొట్టావు. నువ్వంటే వాటికి భయం కదా ఇప్పుడు? ఇంక రావు కదా?"

లేదమ్మా, నేను దాన్ని బతికిద్దామనుకున్నాను, అది ఇంత చిన్నది, ఎవరినీ ఏమీ చెయ్యలేదు అని చెప్పాలి. మాటలు నాలుక దాకా వచ్చాయి. పిల్ల ఒక కాలు ఎత్తి, నీళ్లకు అంగుళం పైన ఆపి, ఆయన జవాబు కోసం చూస్తోంది. బొటనవేలు వణుకుతోంది. తలుపు దగ్గర భార్య ఎప్పుడొచ్చిందో, నిలబడి ఉంది.

"రావు తల్లీ," అన్నాడు.

"నువ్వు చంపేశావు కాబట్టి?"

"ఆ."

కాలు నీళ్లలోకి దిగింది. రెండో కాలు కూడా దిగింది. మెల్లగా కూర్చుని, గడ్డం దాకా మునిగి, ఎన్నాళ్ల తర్వాతో నవ్వింది. జుట్టుకు సబ్బు పెట్టమని వీపు ఆయన వైపు తిప్పింది. ఆయన సబ్బు తీసుకుని నురగ చేయడం మొదలుపెట్టాడు.

"రేపు బళ్లో అందరికీ చెప్తాను నాన్నా," అంది, కళ్లు గట్టిగా మూసుకుని.